బ్లడ్ సెట్‌తో రక్తం ఎక్కించడం ఎలా: ప్యాకెట్ విప్పడం నుంచి ఖాళీ బ్యాగ్ తిరిగి పంపే దాకా

“బ్లడ్ సెట్ అయిపోయింది, సెలైన్ సెట్‌తో పెట్టేయొచ్చా?” “అరగంటకే డ్రిప్ ఆగిపోయింది, ఇప్పుడేం చేయాలి?” “బ్యాగ్ బాగా చల్లగా ఉంది, వేడి నీళ్లలో కాసేపు ఉంచనా?” వార్డులో కొత్తగా చేరిన నర్సులు, నర్సింగ్ విద్యార్థులు అటు తిప్పి ఇటు తిప్పి అడిగేవి ఈ మూడే. విడివిడిగా జవాబు చెప్పేకంటే మొత్తం పని ఒక వరుసలో రాస్తే మేలనిపించింది.

ఎవరికి రక్తం కావాలి, ఎన్ని యూనిట్లు కావాలి అన్నది డాక్టర్ చూసుకుంటారు. ఇక్కడ చెప్పేదంతా పరికరం గురించే, అంటే బ్యాగ్ నుంచి నరం దాకా రక్తం తీసుకెళ్లే గొట్టం (బ్లడ్ సెట్) గురించే: సెట్‌ను ఎలా గుర్తుపట్టాలి, ఎలా నింపాలి, చుక్కలు ఎలా లెక్కపెట్టాలి, ఆగిపోతే ఎక్కడెక్కడ చూడాలి. మీ ఆస్పత్రిలో రాసిపెట్టిన పద్ధతికీ ఇక్కడి మాటకూ తేడా వస్తే అక్కడి పద్ధతినే పాటించండి. శిక్షణ లేనివాళ్లు ఇది చదివి ఇంట్లో ప్రయత్నించే పని అస్సలు కాదు.

ముందుగా ఒక మాట. డ్రిప్‌తో పడే అవస్థల్లో చాలావరకు మొదటి ఐదు నిమిషాల్లో మనం చేసుకున్నవే. ఫిల్టర్ సగమే తడిసింది, చుక్కలు పడే చాంబర్ సరిగ్గా నిండలేదు, ట్యూబ్‌లో గాలి మిగిలింది. అక్కడ తొందరపడితే మిగతా మూడు గంటలూ ఆ స్టాండ్ చుట్టూనే తిరగాల్సి వస్తుంది.

కావాల్సినవి

- కొత్త బ్లడ్ సెట్. అదనంగా ఇంకొకటి చేతికందేలా ఉంచుకోండి.
- 0.9 శాతం నార్మల్ సెలైన్, దానికి వేరే ఐవీ సెట్. రియాక్షన్ వస్తే వెతుక్కునే టైమ్ ఉండదు.
- పనిచేస్తున్న క్యాన్యులా (నరంలో పెట్టి ఉంచే సన్న గొట్టం)
- ఐవీ స్టాండ్, గ్లవ్స్, స్పిరిట్ స్వాబ్‌లు, ప్లాస్టర్
- బీపీ మెషిన్, థర్మామీటర్, పల్స్ ఆక్సిమీటర్
- సెకన్ల ముల్లున్న గడియారం
- కేస్ షీట్, క్రాస్ మ్యాచ్ రిపోర్ట్ (బ్యాగ్‌లోని రక్తం ఈ రోగికి కలుస్తుందో లేదో చూసిన పరీక్ష), ట్రాన్స్‌ఫ్యూజన్ చార్ట్

క్యాన్యులా సైజు గురించి అడుగుతుంటారు. పెద్దవాళ్లకు మామూలుగా ఎక్కించేటప్పుడు 18 (ఆకుపచ్చ) లేదా 20 (గులాబీ) గేజ్ చాలు; అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. రక్తస్రావమై వేగంగా ఎక్కించాల్సి వస్తే 16 (బూడిద రంగు) లేదా 14 (నారింజ) కావాలి. నరాలు దొరకనివాళ్లకు 22 (నీలం), పసిపిల్లలకు 24 (పసుపు) వాడతారు. సన్న క్యాన్యులాతో రక్తం ఎక్కించకూడదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎక్కించొచ్చు, కాకపోతే నెమ్మదిగా వెళ్తుంది. సన్న క్యాన్యులా పెట్టి పైనుంచి బలంగా ఒత్తిడి పెడితేనే ఎర్రకణాలు పగిలిపోతాయి.

బ్లడ్ సెట్‌ను, సెలైన్ సెట్‌ను వేరుగా గుర్తుపట్టడం

దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. చాంబర్‌ను వెలుతురుకు పట్టి చూడండి. బ్లడ్ సెట్ చాంబర్ పొడవుగా ఉంటుంది, లోపల గొట్టంలా వలగుడ్డ లాంటి జాలీ కనిపిస్తుంది. అదే ఫిల్టర్. దాని రంధ్రాలు సుమారు 170 నుంచి 200 మైక్రాన్లు ఉంటాయి. నిల్వలో ఏర్పడే చిన్న గడ్డలు, కణాల ముద్దలు అక్కడ ఆగిపోతాయి, విడివిడి కణాలు దాటిపోతాయి. కొన్ని సెట్లలో రెండు చాంబర్లుంటాయి: పైది ఫిల్టర్‌కు, కిందిది చుక్కలు చూడటానికి.

సెలైన్ సెట్‌లో ఈ జాలీ ఉండదు. కొన్నింటిలో ట్యూబ్ చివర 15 మైక్రాన్ల ఫిల్టర్ ఉంటుంది. దానిలోంచి రక్తం పంపితే త్వరలోనే మూసుకుపోతుంది. అసలు ఫిల్టరే లేనిదైతే గడ్డలు నేరుగా నరంలోకి పోతాయి. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: వద్దు. ఎర్రకణాలే కాదు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, క్రయో (ప్లాస్మా నుంచి తీసే, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే భాగం) ఏదైనా సరే ఫిల్టర్ ఉన్న సెట్‌తోనే ఎక్కించాలి.

ప్యాకెట్ మీద ఇంకో అంకె చూడండి: మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలు. బ్లడ్ సెట్లలో ఎక్కువగా 20 ఉంటుంది, కొన్నింట్లో 15 లేదా 10 కూడా ఉంటుంది. ఆ అంకె చూడకుండా ప్యాకెట్ పారేస్తే తర్వాత మీ లెక్కంతా ఊహే.

బ్యాగ్ తెప్పించే ముందు

క్యాన్యులా పనిచేస్తోందో లేదో సెలైన్‌తో ఫ్లష్ చేసి (సిరంజితో కొద్దిగా నెట్టి) చూసుకుని, ఆ తర్వాతే బ్లడ్ బ్యాంక్‌కు మనిషిని పంపండి. ఎర్రకణాల బ్యాగ్ ఫ్రిజ్‌లోంచి బయటికి వచ్చిన 30 నిమిషాల లోపు మొదలుపెట్టాలి, 4 గంటల లోపు పూర్తిచేయాలి. బ్యాగ్ తెచ్చి బెడ్ పక్కన పెట్టుకుని నరం కోసం వెతుకుతుంటే ఆ అరగంట అక్కడే అయిపోతుంది.

ఒకవేళ మొదలుపెట్టడం కుదరకపోతే బ్యాగ్‌ను వెంటనే బ్లడ్ బ్యాంక్‌కు తిరిగి పంపండి. వార్డు ఫ్రిజ్‌లో పెట్టకండి. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచాలి. మందులూ ఇంజెక్షన్లూ పెట్టే ఫ్రిజ్‌లో ఆ అదుపు ఉండదు, ఫ్రీజర్ పక్కన పడితే కణాలు గడ్డకట్టి పగులుతాయి. ప్లేట్‌లెట్ల సంగతి పూర్తిగా వేరు. వాటిని 20 నుంచి 24 డిగ్రీల మధ్య, కదుపుతూ ఉంచుతారు. ఫ్రిజ్ గడప కూడా తొక్కనివ్వకూడదు. తెచ్చిన వెంటనే ఎక్కించేయడమే.

బ్యాగ్ రాకముందే బీపీ, నాడి, ఉష్ణోగ్రత, శ్వాస చూసి చార్ట్‌లో రాయండి. రోగికి ముందే జ్వరం ఉంటే డాక్టర్‌కు చెప్పండి. లేకపోతే మధ్యలో జ్వరం కనిపించినప్పుడు పాతదో, కొత్తదో తెలియక టెన్షన్ పడాలి.

ఇక అసలు పని

1. బ్యాగ్‌ను చూడండి. గడువు తేదీ, గ్రూపు, బ్యాగ్ నంబరు చూడండి. రెండు చేతులతో మెల్లగా ఒత్తి ఎక్కడైనా కారుతోందేమో గమనించండి. రంగు ఊదా లేదా నలుపుగా మారినా, గడ్డలు కనిపించినా, బుడగలు వచ్చినా, పైన తేరిన ద్రవం ఎర్రగా ఉన్నా వాడకండి, తిరిగి పంపండి. ప్లేట్‌లెట్ల బ్యాగ్‌ను వెలుతురుకు పట్టి మెల్లగా తిప్పితే లోపల పొగ సుడులు తిరుగుతున్నట్టు మెరుపు కనిపించాలి.

2. మనిషిని సరిచూడండి. ఇది పరికరం పని కాదు గానీ, ఇక్కడ పొరపాటు జరిగితే ఎంత మంచి సెట్ ఉన్నా ఏం లాభం? గ్రూపు కలవని రక్తం ఎక్కిన సందర్భాల్లో ఎక్కువ శాతం ల్యాబ్ తప్పులు కావు, ఒకరి బ్యాగ్ ఇంకొకరికి పెట్టడం వల్ల జరిగినవే. నర్సింగ్ స్టేషన్‌లో కాదు, బెడ్ దగ్గరే చూడాలి. ఇద్దరు ఉండాలి, ఇద్దరూ విడివిడిగా చూడాలి. ఒకరు చదువుతుంటే రెండోవాళ్లు “ఆ, ఆ” అంటూ సంతకం పెట్టడం సరిచూడటం కిందికి రాదు.

“మీరు లక్ష్మి గారే కదా?” అని అడగకండి. చెవులు సరిగ్గా వినపడనివాళ్లు, మగతలో ఉన్నవాళ్లు దేనికైనా తలూపుతారు. “అమ్మా, మీ పేరు పూర్తిగా చెప్పండి” అని అడిగి, చెప్పిన పేరు, చేతి బ్యాండ్, ఆస్పత్రి నంబరు, బ్యాగ్ ట్యాగ్, క్రాస్ మ్యాచ్ రిపోర్ట్ అన్నీ ఒకదానితో ఒకటి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆపండి. స్పృహలో లేని రోగి అయితే చేతి బ్యాండే ఆధారం. బ్యాండ్ లేకపోతే పని మొదలుపెట్టకూడదు.

3. చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని సెట్ విప్పండి. ప్యాకెట్ చిరిగి ఉన్నా, మూతలు ఊడి ఉన్నా, గడువు దాటినా పక్కన పెట్టేయండి. విప్పగానే ట్యూబ్ మీద చుక్కల వేగం మార్చే రోలర్ క్లాంప్‌ను పూర్తిగా మూసేయండి. ఇది మరిచిపోతే స్పైక్ (బ్యాగ్‌లోకి గుచ్చే సెట్ పైచివరి మొన) గుచ్చగానే రక్తం నేల మీదికి వస్తుంది, ట్యూబ్ నిండా గాలి బుడగలు చేరతాయి.

4. బ్యాగ్‌ను మెల్లగా నాలుగైదు సార్లు తలకిందులు చేయండి. నిల్వలో ఎర్రకణాలు అడుగున దిగిపోతాయి. కలపకుండా తగిలిస్తే మొదట చిక్కటి ముద్ద దిగి ఫిల్టర్‌ను పట్టేస్తుంది. గట్టిగా కుదిపితే కణాలు పగులుతాయి. మెల్లగా తిప్పితే చాలు.

5. స్పైక్ గుచ్చండి. చాలామందికి చేయి తిరగనిది ఇక్కడే. స్టాండ్‌కు వేలాడుతున్న బ్యాగ్‌కు కింది నుంచి గుచ్చకండి. బ్యాగ్‌ను శుభ్రమైన ట్రేలో పడుకోబెట్టి, పోర్ట్ రెక్కలను విడదీసి, పోర్ట్ మెడను ఒక చేత్తో నిటారుగా పట్టుకుని, రెండో చేత్తో స్పైక్‌ను మెలితిప్పుతూ నేరుగా లోపలికి నెట్టండి. లోపలి పొర తెగినట్టు చిన్న కుదుపు చేతికి తెలుస్తుంది. అది తెలిసేదాకా నెట్టాలి. సగంలో ఆపితే పోర్ట్ దగ్గర కారుతుంది. వంకరగా నెడితే స్పైక్ పోర్ట్ గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు ప్లాస్టర్ వేసి నెట్టుకురావాలని చూడకండి, ఆ బ్యాగ్ ఇక పనికిరాదు.

గాలి వెళ్లడానికి బ్యాగ్‌కు సూది గుచ్చే అలవాటు అక్కడక్కడా ఇంకా ఉంది. గాజు సీసాల కాలంలో అది తప్పనిసరి. 1950 ప్రాంతంలో కార్ల్ వాల్టర్ ప్లాస్టిక్ బ్లడ్ బ్యాగ్ తెచ్చాక ఆ అవసరమే పోయింది. రక్తం దిగేకొద్దీ బ్యాగ్ తనంతట తానే ముడుచుకుంటుంది. సూది గుచ్చితే లోపలికి పోయేది గాలితో పాటు సూక్ష్మజీవులు కూడా. సెట్ మీద ఎయిర్ వెంట్ మూత ఉంటే అది కూడా మూసే ఉంచండి.

6. చాంబర్ నింపండి. ఈ అడుగు దగ్గర ఆగి నిదానంగా చేయండి. బ్యాగ్‌ను స్టాండ్‌కు తగిలించి, రోలర్ ఇంకా మూసి ఉండగానే చాంబర్‌ను రెండు వేళ్లతో నొక్కి వదలండి. రక్తం దిగుతుంది. ఫిల్టర్ పూర్తిగా మునిగేదాకా నొక్కుతూ వదులుతూ ఉండండి. రెండు చాంబర్ల సెట్ అయితే పైది నిండుగా, కిందిది సగం దాకా. ఒకే చాంబర్ ఉంటే జాలీ మొత్తం మునగాలి, పైన చుక్క పడటం కనిపించేంత ఖాళీ మిగలాలి.

ఎందుకింత పట్టింపు? ఫిల్టర్‌లో సగం పొడిగా ఉంటే పనిచేసేది మిగతా సగమే. అది త్వరగా పూడిపోతుంది, డ్రిప్ ఆగిపోతుంది. పైగా చుక్క ఎత్తు నుంచి నేరుగా పొడి జాలీ మీద పడితే కణాలు దెబ్బతింటాయి. ఇప్పుడు వేలితో చాంబర్‌ను తట్టి, జాలీకి అంటుకున్న బుడగలు పైకి తేలేలా చేయండి. చాంబర్ మరీ నిండిపోయి చుక్కలు కనిపించకపోతే బ్యాగ్‌ను తలకిందులు చేసి చాంబర్‌ను నొక్కండి, కొంత రక్తం వెనక్కి బ్యాగ్‌లోకి పోతుంది.

7. ట్యూబ్‌లోంచి గాలి తీయండి. రోలర్‌ను కొద్దిగా తెరిచి, రక్తాన్ని నెమ్మదిగా చివరి దాకా రానివ్వండి. ఇంజెక్షన్ పోర్ట్ దగ్గరికి రాగానే దాన్ని తలకిందులుగా పట్టుకుని తట్టండి, బుడగలు దాక్కునేది అక్కడే. చివర మొదటి చుక్క కనిపించగానే మూసేయండి, మూత పెట్టేయండి.

కొన్ని చోట్ల ముందు నార్మల్ సెలైన్‌తో సెట్ నింపి, తర్వాత బ్యాగ్ తగిలిస్తారు. రెండు కొమ్మల వై సెట్ అయితే ఒక వైపు సెలైన్, ఇంకో వైపు రక్తం పెడతారు. ఏ పద్ధతైనా సరే, సెలైన్ తప్ప ఇంకేదీ వద్దు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ తగిలితే ఎర్రకణాలు ముద్దకట్టి పగులుతాయి. రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది, బ్యాగ్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపుతున్న సిట్రేట్‌ను అది దెబ్బతీసి ట్యూబ్‌లోనే గడ్డలు కట్టిస్తుంది. మందులు కూడా అంతే. బ్యాగ్‌లో గానీ, రక్తం వెళ్తున్న లైన్‌లో గానీ ఏ ఇంజెక్షనూ ఇవ్వకండి. వేరే క్యాన్యులా పెట్టించండి.

8. క్యాన్యులాకు తగిలించండి. హబ్‌ను, అంటే క్యాన్యులా బయటి మూతిని, స్పిరిట్ స్వాబ్‌తో రుద్ది ఆరనిచ్చి, 5 నుంచి 10 మిల్లీలీటర్ల సెలైన్‌తో ఫ్లష్ చేయండి. వాపు, నొప్పి లేవని చూసుకుని సెట్ చివరను మెలితిప్పి బిగించండి. ట్యూబ్‌ను వదులుగా ఒక మలుపు తిప్పి ప్లాస్టర్ వేస్తే రోగి చేయి కదిపినా లాగదు. మొదలుపెట్టిన టైమ్ రాయండి.

9. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా, మీరు పక్కనే ఉండి. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున మొదలుపెట్టండి. 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి 20 చుక్కలు. ప్రాణాపాయంలో వేగంగా ఎక్కించాల్సిన రోగికి ఇది వర్తించదు. గ్రూపు కలవని రక్తమైతే ప్రమాదకరమైన లక్షణాలు చాలావరకు ఈ కాసేపట్లోనే, కొద్ది మిల్లీలీటర్లకే బయటపడతాయి. “చలిగా అనిపించినా, నడుము నొప్పి వచ్చినా, దురద పెట్టినా, ఆయాసమొచ్చినా, గుండె దడగా ఉన్నా వెంటనే చెప్పండి” అని రోగికి ముందే చెప్పండి. 15 నిమిషాలు కాగానే బీపీ, నాడి, ఉష్ణోగ్రత, శ్వాస మళ్లీ చూసి రాయండి. ఆ తర్వాత కనీసం గంటకోసారి, అయిపోయాక ఇంకోసారి.

10. చుక్కలు లెక్కగట్టి వేగం పెంచండి. లెక్క ఇది: మిగిలిన మిల్లీలీటర్లను సెట్ చుక్కల అంకెతో గుణించి, మిగిలిన నిమిషాలతో భాగించాలి.

ఒక ఉదాహరణ. బ్యాగ్‌లో 300 మిల్లీలీటర్లు ఉంది, మొత్తం 3 గంటల్లో ఎక్కించమన్నారు. మొదటి 15 నిమిషాల్లో 15 మిల్లీలీటర్లు వెళ్లింది. మిగిలింది 285 మిల్లీలీటర్లు, 165 నిమిషాలు. 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 34 లేదా 35 చుక్కలు. అదే 15 చుక్కల సెట్ అయితే 26. ఇప్పుడు మీరు ప్యాకెట్ చూడకుండా 15 చుక్కల సెట్‌ను 20 చుక్కలదనుకుని 35 పెట్టారనుకోండి. నిమిషానికి 2 మిల్లీలీటర్లు దాటి వెళ్తుంది, మూడు గంటల పని సుమారు రెండుంబావు గంటల్లో అయిపోతుంది. కుర్రాడికి పర్లేదేమో గానీ, గుండె బలహీనంగా ఉన్న పెద్దాయనకు అది ఊపిరితిత్తుల్లో నీరు చేరే వేగం. వృద్ధులకు, గుండె, కిడ్నీ రోగులకు డాక్టర్ చెప్పినదానికంటే ఒక్క చుక్క కూడా పెంచకండి, అలాగని 4 గంటలు దాటించకండి.

ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇంతసేపు ఎక్కించరు. పెద్దవాళ్లకు మామూలుగా అరగంట నుంచి గంట. చుక్కల లెక్క మాత్రం అదే.

సరిగ్గా వెళ్తోందని ఎలా తెలుసుకోవాలి?

పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి. రక్తం చుక్క సెలైన్ చుక్కలా ఒకే తీరుగా పడదు. పూర్తి నిమిషం లెక్కపెట్టండి, పది నిమిషాల తర్వాత మళ్లీ ఒకసారి. రోగి చేయి మడిచినా, లేచి కూర్చున్నా వేగం మారుతుంది. రోలర్ కూడా తనంతట తానే కొంచెం జారుతుంది.

చుక్కల లెక్క అంచనా మాత్రమే, కాబట్టి బ్యాగ్‌ను కూడా చూడాలి. పై ఉదాహరణలో గంట గడిచేసరికి 90 మిల్లీలీటర్లకు పైగా, అంటే మూడో వంతుకు కాస్త తక్కువగా దిగి ఉండాలి. సగం ఖాళీ అయిపోయినా, ఇంకా నిండుగానే ఉన్నా మీ లెక్క ఎక్కడో తప్పింది. సూది ఉన్న చోట చేత్తో తాకి చూడండి. చుట్టూ చల్లగా, ఉబ్బుగా ఉంటే రక్తం నరంలోకి కాకుండా బయటికి పోతోందని అర్థం. ఆపి, క్యాన్యులా మార్చండి. దుప్పటి కప్పి ఉన్న చేతుల్లో ఇది ఆలస్యంగా బయటపడుతుంది, అందుకే దుప్పటి తీసి చూడాలి.

డ్రిప్ ఆగిపోతే

కింది వరుసలో చూడండి, తేలికైనది ముందు:

- క్లాంప్ మూసుకుందా? ట్యూబ్ రోగి కింద నలిగిందా? నవ్వకండి, ఎక్కువసార్లు కారణం ఇదే.
- చేయి మడిచి ఉందా? చాపించి, కింద చిన్న దిండు పెట్టండి.
- బ్యాగ్ ఎత్తు సరిపోతోందా? రోగి కంటే సుమారు మీటరు పైన ఉండాలి.
- బ్యాగ్ అడుగున కణాలు దిగిపోయాయా? మెల్లగా అటూఇటూ వంచి కలపండి.
- చల్లటి రక్తానికి నరం బిగుసుకుందా? చేతికి దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి.
- చాంబర్‌లో జాలీ మీద ముదురు రంగు ముద్దలు పేరుకున్నాయా? ఫిల్టర్ పూడింది. సెట్ మార్చండి.
- ఇవేవీ కాకపోతే క్యాన్యులా. సెలైన్ సిరంజితో మెల్లగా ఫ్లష్ చేసి చూడండి. అడ్డం తగిలితే బలవంతంగా నెట్టకండి, లోపలి గడ్డ నరంలోకి పోతుంది.

ట్యూబ్‌ను వేళ్లతో పిండి పిండి కిందికి తోసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఒక్క నిమిషం ధారగా వెళ్తుంది, మళ్లీ ఆగుతుంది, ఈలోగా ఆ ఒత్తిడికి కణాలు పగులుతాయి. మానేయండి. సెట్ మార్చినా 4 గంటల గడియారం మళ్లీ మొదలవదు. గడువు దాటేలా ఉంటే డాక్టర్‌కు చెప్పి, మిగిలింది ఆపేయాలి.

రియాక్షన్ అనిపిస్తే సెట్‌తో ఏం చేయాలి

ఉష్ణోగ్రత మొదటికంటే ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినా, చలి వణుకు, నడుము నొప్పి, ఆయాసం, దద్దుర్లు, బీపీ పడిపోవడం, మూత్రం ఎర్రగా రావడం, వీటిలో ఏది కనిపించినా ముందు రోలర్ మూసేయండి. డాక్టర్‌ను పిలవడం ఆ తర్వాత.

క్యాన్యులా తీయకండి, అత్యవసర మందులకు అదే దారి. బ్లడ్ సెట్‌ను హబ్ దగ్గర విప్పేసి, కొత్త ఐవీ సెట్‌తో సెలైన్ తగిలించండి. వై సెట్ ఉన్నప్పుడు కంగారులో రెండో కొమ్మ సెలైన్ తెరిచేస్తుంటారు. అలా చేస్తే ట్యూబ్‌లో మిగిలిన అదే రక్తం మొత్తం సెలైన్ తోసుకుంటూ రోగిలోకి వెళ్తుంది. సెట్ మొత్తం మార్చాల్సిందే.

తర్వాత పేరు, నంబర్లు మళ్లీ సరిచూడండి. బ్యాగ్ మారిపోయి ఉంటే, ఆ రెండో బ్యాగ్ ఇంకో బెడ్ దగ్గర వేలాడుతూ ఉండొచ్చు. బ్యాగ్‌ను, సెట్‌ను విడదీయకుండా చివర మూత పెట్టి, రోగి రెండో చేతి నుంచి తీసిన కొత్త శాంపిల్‌తో కలిపి బ్లడ్ బ్యాంక్‌కు పంపండి. బ్యాగ్ చెత్తబుట్టలో పడేస్తే కారణం తేల్చడం కష్టమైపోతుంది.

వేడి చేయాలా?

మామూలు వేగంతో ఒకటి రెండు యూనిట్లు ఎక్కించడానికి అవసరం లేదు. నెమ్మదిగా వెళ్లే రక్తం ఒంట్లో కలిసేసరికి వెచ్చబడుతుంది. పెద్దవాళ్లకు గంటకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, పిల్లలకు 15 మిల్లీలీటర్లు మించిన వేగంతో ఎక్కిస్తున్నప్పుడు, పసికందులకు రక్తమార్పిడి చేస్తున్నప్పుడు, చలికి రక్తకణాలు ముద్దకట్టే జబ్బున్నవాళ్లకు బ్లడ్ వార్మర్ కావాలి.

అది ఉష్ణోగ్రత చూపించేది, హద్దు దాటితే అలారం కొట్టేది అయ్యుండాలి. వేడి నీళ్ల బకెట్, మైక్రోవేవ్, హీటర్ పక్కన, చంకలో పెట్టుకోవడం, ఇవేవీ వద్దు. బ్యాగ్‌లో ఒక మూల 42 డిగ్రీలు దాటినా అక్కడి కణాలు పగలడం మొదలవుతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. నీళ్లలో ముంచితే పోర్ట్‌లకు క్రిములు అంటుకుంటాయి, లేబుల్ తడిసి ఊడిపోతుంది కూడా.

ప్రెషర్ బ్యాగ్, పంప్, తెల్లకణాల ఫిల్టర్

ప్రెషర్ బ్యాగ్ బ్లడ్ బ్యాగ్‌ను మొత్తం కప్పేదై ఉండాలి, 300 మిల్లీమీటర్ల పాదరసం దాటించకూడదు. బీపీ కఫ్ చుట్టకండి. అది ఒక చోట గట్టిగా, ఇంకో చోట వదులుగా నొక్కి బ్యాగ్ అతుకును చీల్చగలదు. దీన్ని వాడేటప్పుడు పెద్ద క్యాన్యులా తప్పనిసరి, పక్కన మనిషి ఉండటం అంతకంటే తప్పనిసరి.

ఇన్‌ఫ్యూజన్ పంప్ అన్నీ రక్తానికి పనికిరావు. మాన్యువల్‌లో రక్తానికి వాడొచ్చని రాసి ఉంటేనే, ఆ పంప్‌కు చెప్పిన బ్లడ్ సెట్‌తోనే వాడండి. నవజాత శిశువులకు సిరంజి పంప్‌తో ఇస్తారు, అప్పుడు కూడా రక్తం ఫిల్టర్ గుండానే సిరంజిలోకి రావాలి. నేరుగా సూదితో బ్యాగ్‌లోంచి లాగకూడదు.

తెల్లకణాల ఫిల్టర్ బ్లడ్ సెట్ జాలీకి భిన్నమైనది. ఒక యూనిట్‌లో కోట్లలో ఉండే తెల్లకణాలను, పాటించే ప్రమాణాన్ని బట్టి, 10 లక్షలు లేదా 50 లక్షల లోపుకు తగ్గిస్తుంది. చాలా చోట్ల బ్లడ్ బ్యాంక్‌లోనే వడపోసి పంపుతారు, లేబుల్ మీద ఆ మాట ఉంటే మళ్లీ బెడ్ దగ్గర పెట్టక్కర్లేదు. పెట్టాల్సి వస్తే కంపెనీ చెప్పిన తీరులోనే నింపండి. బ్యాగ్‌ను పిసికి తోస్తే తెల్లకణాలు కూడా దాటిపోతాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లలో బెడ్ దగ్గర ఈ ఫిల్టర్ పెట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోయిన సందర్భాలున్నాయి. ఆ మాత్రల సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. మూలకణాల మార్పిడి బ్యాగ్‌కు, గ్రాన్యులోసైట్ల (ఒక రకం తెల్లకణాల) బ్యాగ్‌కు ఈ ఫిల్టర్ పెట్టకూడదు. ఎక్కించాలనుకున్న కణాలనే అది ఆపేస్తుంది.

అయిపోయాక

రెండో యూనిట్‌కు అదే సెట్ వాడొచ్చా అన్నది చోటును బట్టి మారుతుంది: కొన్ని ఆస్పత్రులు 4 గంటలకు, కొన్ని 12 గంటలకు మార్చమంటాయి, ఇంకొన్ని యూనిట్‌కో సెట్ అంటాయి. సెట్ దొరుకుతున్నంతకాలం యూనిట్‌కొకటి మార్చడమే నాకు నచ్చే పద్ధతి. ఒక విషయంలో మాత్రం రెండో మాట లేదు: ఎర్రకణాలు వెళ్లిన సెట్‌తో ప్లేట్‌లెట్లు ఎక్కించకండి. జాలీకి పట్టిన చెత్తలో ప్లేట్‌లెట్లు చిక్కుకుపోతాయి. రెండూ ఒకే రోజు ఉంటే, ప్లేట్‌లెట్లకు కొత్త సెట్ తీయండి.

బ్యాగ్ ఖాళీ కాగానే రోలర్ మూసి, సెట్ విప్పి, క్యాన్యులాను సెలైన్‌తో ఫ్లష్ చేయండి. ముగిసిన టైమ్, ఎక్కిన మొత్తం, చివరి బీపీ, ఉష్ణోగ్రత, బ్యాగ్ నంబరు చార్ట్‌లో రాయండి. ఖాళీ బ్యాగ్‌ను మీ ఆస్పత్రి చెప్పినంతసేపు ఉంచి, తర్వాతే రక్తం అంటిన వ్యర్థాల సంచిలో వేయండి. స్పైక్‌ను విరగ్గొట్టి వేయకండి, దాని మొన సంచిని చీల్చి తర్వాత ఎత్తేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది. షిఫ్ట్ మారుతుంటే ఎన్ని గంటలకు ముగిసిందో తర్వాత వచ్చేవాళ్లకు నోటితో కూడా చెప్పండి. ఆయాసం, జ్వరం కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు, అప్పుడు బెడ్ దగ్గర ఉండేది వాళ్లే.